పండక్కి ఊరెళ్తున్నారా.. మీ దగ్గు సంగతి ఇంట్లో చెప్పారా?

సంక్రాంతికి టికెట్ బుక్ చేసుకున్నారా? అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటున్నా, అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్నా, కాలేజీ హాస్టల్లో క్యాంపస్ డ్రైవ్‌ల కోసం ఎదురుచూస్తున్నా.. జనవరి రెండో వారం దగ్గరపడేసరికి అందరి మనసూ ఊరి మీదకే పోతుంది. ఏ బస్సు, ఏ రైలు, ఎన్ని రోజులు ఉండాలి, తిరిగొచ్చాక ఏ పరీక్ష ఉంది.. అన్నీ లెక్కేసుకుంటాం. మనతో పాటు ఊరికి ఇంకేం వెళ్తోందన్న లెక్క మాత్రం వేయం.

ఈ రోజుల్లో ఏ హాస్టల్ గదిలోకి తొంగిచూసినా ఒకరైనా దగ్గుతూ కనిపిస్తారు. నలుగురైదుగురు ఉండే గది. చలి అని, దోమలని కిటికీలు మూసేస్తారు. ఒకే నీళ్ల సీసా నలుగురూ ఎత్తుతారు. 'సీజన్ కదా, ఏమవుతుందిలే' అంటూ ఒక మాత్ర వేసుకుని క్లాసుకు వెళ్లిపోతారు. అదే మాత్ర వేసుకుని బస్సూ ఎక్కుతారు. మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు విజృంభిస్తుంది. వానాకాలం తర్వాత ఒకసారి, జనవరి నుంచి మార్చి వరకు మరోసారి. మన పెద్ద పండగ సరిగ్గా ఆ రెండో విడత మొదలయ్యే వేళకే వస్తుంది.

సూటిగా చెప్పాలంటే, పండగ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లకు, పసివాళ్లకు వచ్చే జ్వరాలకు చాలాసార్లు దారి మనమే. ఆ దారి మూయడం కూడా మన చేతుల్లోనే ఉంది. దానికి పండగ మానుకోవాల్సిన పనిలేదు. జబ్బును దాచిపెట్టే అలవాటు మానుకుంటే చాలు.

తేదీలు వేసి చూడండి

జనవరి 10న పక్క మంచం మీది మిత్రుడి నుంచి మీకు ఫ్లూ అంటుకుందనుకోండి. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి 1 నుంచి 4 రోజులు, సగటున 2 రోజులు పడుతుంది. అంటే 12కి గొంతు గరగర మొదలవుతుంది. కానీ లక్షణాలు రావడానికి ఒక రోజు ముందు నుంచే మీరు దాన్ని ఇతరులకు అంటించగలరు. 12 రాత్రి ఏసీ స్లీపర్ బస్సు ఎక్కుతారు. అద్దాలన్నీ మూసి ఉంటాయి. పంతంగి టోల్‌గేట్ దగ్గర వాహనాల బారులో ఆగి ఆగి, 13 ఉదయానికి ఊళ్లో దిగుతారు.

ఫ్లూ సోకినవాళ్ల నుంచి వైరస్ ఎక్కువగా వ్యాపించేది లక్షణాలు మొదలైన తొలి 3 రోజుల్లో. మీ విషయంలో ఆ రోజులు ఏవి? భోగి, సంక్రాంతి, కనుమ! అమ్మమ్మ పక్కన కూర్చుని అరిసెలు తింటారు. అక్క కొడుకుని ఎత్తుకుని ముద్దులాడతారు. భోగిపళ్ల పేరంటంలో పది మంది పిల్లల మధ్య ఉంటారు. తాతయ్యతో ఒకే గదిలో పడుకుంటారు. 16న తిరుగు బస్సెక్కేస్తారు.

17న అమ్మ ఫోన్ చేస్తుంది. 'అమ్మమ్మకి రాత్రి నుంచి జ్వరంరా. పొద్దున్నే మంచులో ముగ్గులేసింది, చలి పట్టినట్టుంది' అంటుంది. నెపం మంచు మీదకి, పండగ పనుల మీదకి పోతుంది. మీ దగ్గు అమ్మకు గుర్తురాదు. అప్పటికి అది తగ్గిపోయి ఉంటుంది కాబట్టి మీకూ గుర్తురాదు. అంటించినవాడు ఊళ్లో ఉండడు, పడుకున్నవాళ్లకు ఎలా వచ్చిందో తెలియదు. అందుకే ఏటా ఇదే జరుగుతున్నా ఎవరికీ పట్టదు.

2025 జనవరిలో బెంగళూరులో హెచ్‌ఎంపీవీ కేసులు బయటపడ్డాయనగానే వాట్సాప్ గ్రూపులన్నీ ఎంత హోరెత్తాయో గుర్తుందా? నిజానికి ఆ వైరస్‌ను 2001లోనే గుర్తించారు. 2009 మేలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు మన హైదరాబాద్‌లోనే నమోదైనప్పుడూ అంతే కంగారు. ఆ హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా తిరిగే మామూలు ఫ్లూ రకాల్లో ఒకటైపోయింది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కొత్త పేరు వినిపిస్తే వణికిపోతాం. ఏటా వచ్చేదాన్ని మాత్రం 'సీజన్' అనే ఒక్క మాటతో వదిలేస్తాం.

మీకు జలుబే, వాళ్లకు కాదు

ఇరవై ఏళ్ల వయసులో ఫ్లూ అంటే మూడు నాలుగు రోజుల ఒళ్లునొప్పులు. అదే వైరస్ డెబ్బై ఏళ్ల తాతయ్య ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియాగా మారొచ్చు. సుగర్, బీపీ, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. కెనడాలోని ఒంటారియోలో చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఫ్లూ నిర్ధారణ అయిన తర్వాత తొలి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు దాదాపు 6 రెట్లు పెరిగింది. అంటే 'జ్వరం వచ్చి రెండ్రోజులకే గుండె ఆగిపోయింది' అని ఊళ్లో చెప్పుకొనే మాటల్లో కొన్నింటికైనా ఇలాంటి వెనక కథ ఉండొచ్చు.

పసివాళ్ల సంగతి వేరు. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ మనకు సోకితే మామూలు జలుబులాగే ఉంటుంది. రెండేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒకసారైనా వస్తుంది. చాలామందికి తగ్గిపోతుంది కూడా. కానీ నెలల బిడ్డల శ్వాసనాళాలు బాగా సన్నగా ఉంటాయి. అవి వాచి, కఫంతో పూడుకుపోతే ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. అందుకే ఆరు నెలల్లోపు బిడ్డ ఉన్న ఇంటికి వెళ్తూ 'కాస్త ముక్కు కారుతోంది, అంతేగా' అనుకోవద్దు.

ఇంకో సంగతి. మనలో చాలామంది ఇళ్లలో రోజు గడవాలంటే ఆ రోజు పనికి వెళ్లాలి. నాన్న ఆటో నడుపుతుంటే, అమ్మ కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుతుంటే వారం రోజుల జ్వరమంటే వారం రోజుల సంపాదన పోయినట్టే. అమ్మమ్మను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆ బిల్లు మీ కోచింగ్ ఫీజు డబ్బుల్లోంచే పోవచ్చు. ఆ వారం మీరు పుస్తకం ముందు కూర్చున్నా చదువు ఎక్కదు. జనవరి చివర్లో తమ్ముడికి జేఈఈ మెయిన్, ఫిబ్రవరిలో మీకు గేట్ ఉంటే ఆ ఇంట్లో ఒక్క జ్వరం ఎన్ని లెక్కల్ని తలకిందులు చేస్తుందో మీరే ఊహించండి.

ఈ దాచడం ఎక్కడ నేర్చుకున్నాం?

జ్వరం ఉన్నా క్లాసుకు వస్తే 'సిన్సియర్' అంటారు. రాకపోతే అటెండెన్స్ పోతుంది. మాక్ టెస్టు ఒక్కటి పోతే ర్యాంకు పోతుందని కోచింగ్ సెంటర్ భయపెడుతుంది. కంపెనీ డ్రైవ్‌కి రాకపోతే మళ్లీ అవకాశం లేదని ప్లేస్‌మెంట్ సెల్ హెచ్చరిస్తుంది. అందుకే మాత్ర వేసుకుని, ముఖం కడుక్కుని, ఏమీ లేనట్టు కూర్చోవడం మనకు అలవాటైపోయింది. అదే మనిషి పండక్కి ఇంటికెళ్లినప్పుడు 'అమ్మ కంగారుపడుతుంది' అని జ్వరం సంగతి దాస్తాడు. రెండు చోట్లా అలవాటు ఒకటే.

కాబట్టి తప్పంతా విద్యార్థులదే అనడం న్యాయం కాదు. జేఎన్‌టీయూహెచ్ నిబంధనల్లోనే 75 శాతం హాజరు తప్పనిసరి అంటూ, 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారికి వైద్య కారణాలతో మినహాయింపు ఇచ్చే వీలు కల్పించారు. ఆ వెసులుబాటు ఉందన్న సంగతి ఎంతమంది లెక్చరర్లు జ్వరంతో వణుకుతున్న విద్యార్థికి చెబుతున్నారు? డిసెంబరు, జనవరి నెలల్లో పోయిన క్లాసును రికార్డింగ్‌లో చూసుకునే వీలు ప్రతి కోచింగ్ సెంటర్ కల్పించాలి. జబ్బుపడిన అభ్యర్థికి ఆన్‌లైన్‌లోనో, మరో స్లాట్‌లోనో అవకాశం ఇవ్వమని ప్లేస్‌మెంట్ సెల్‌లు కంపెనీలను ముందే అడగాలి. హాస్టల్ యజమానులు గదికి ఒక్క కిటికీ అయినా తెరుచుకునేలా, దానికి దోమతెర ఉండేలా చూడాలి. ఇవేవీ లక్షలు ఖర్చయ్యే పనులు కావు.

అయితే వాళ్లు మారేదాకా ఆగడానికి మనకు టైం లేదు. పండగ ముందుంది.

మరి పండగ మానేయాలా?

అక్కర్లేదు. బయల్దేరే ముందు మీరు ఏ స్థితిలో ఉన్నారో నిజాయతీగా చూసుకోండి.

ఏ లక్షణాలూ లేకపోతే హాయిగా వెళ్లండి. కాకపోతే ప్రయాణానికి ముందు నాలుగైదు రోజులు కిక్కిరిసిన సినిమా హాళ్లు, ఇరుకు గదుల్లో పార్టీలు తగ్గించండి. బస్సులో, రైల్లో మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు కంటే ఎన్95 మేలు. ముక్కు కింద వేలాడదీస్తే ఏ మాస్కైనా ఒకటే. ఇంటికి చేరగానే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే బిడ్డను ఎత్తుకోండి.

జ్వరం లేదు కానీ ముక్కు కారుతోంది, కాస్త దగ్గుంది అంటే వెళ్లొచ్చు. కానీ ఇంట్లో చెప్పి వెళ్లండి. తాతయ్య, అమ్మమ్మ ఉన్న గదిలో పడుకోవద్దు. కబుర్లు అరుగు మీదో, డాబా మీదో పెట్టుకోండి. వైరస్‌కి మూసిన గదే బలం. గాలి ఆడేచోట దాని ఆటలు అంతగా సాగవు. లోపల ఉన్నంతసేపు మాస్కు, విడిగా తువ్వాలు, విడిగా గ్లాసు. పసిబిడ్డను ఈసారికి దూరం నుంచే పలకరించండి.

జ్వరం ఉంటే ఆగండి. మాత్ర వేసుకోకుండానే జ్వరం తగ్గి 24 గంటలు గడిచి, ఒంట్లో నెమ్మదించాకే బయల్దేరండి. ఆ తర్వాత కూడా ఓ ఐదు రోజులు మాస్కు, దూరం పాటించండి. మాత్రతో తగ్గిన జ్వరం తగ్గినట్టు కాదు. మాత్ర ఒంటి వేడిని దించుతుంది కానీ వైరస్‌ను ఆపదు.

'పండగ ముందు ఇంకో టికెట్ ఎక్కడ దొరుకుతుంది?' అంటారు. నిజమే. ప్రైవేటు బస్సుల రేట్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. 'పండక్కి హాస్టల్ మెస్ మూసేస్తారు, జ్వరంతో ఒక్కడినే ఉండి ఏం తినాలి?' అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దీనికి జవాబు ఒక్కరి దగ్గర ఉండదు, స్నేహితుల దగ్గర ఉంటుంది. పండక్కి నగరంలోనే ఉండేవాళ్లు మీ బ్యాచ్‌లో ఎవరున్నారో ఇప్పుడే కనుక్కోండి. ఎవరైనా ఆగిపోతే రెండు పూటలా అన్నం ఎవరు తెచ్చిస్తారు, రోజూ ఫోన్ ఎవరు చేస్తారు అన్నది ముందే అనుకోండి. కొంచెం పెరుగన్నం తలుపు దగ్గర పెట్టి వెళ్లడం పెద్ద పనేం కాదు. ఆ జ్వరంతో ఒంటరిగా ఉండలేని పరిస్థితే ఉంటే ఇంటికే వెళ్లండి, తప్పు లేదు. కానీ దారంతా మాస్కు తీయకండి. ఇంట్లో ముందే ఫోన్‌లో చెప్పి, మీకోసం ఒక గది వేరుగా పెట్టించండి.

ఇంట్లో ఎలా చెప్పాలి?

అన్నింటికంటే కష్టమైన పని ఇదే. ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్‌కి జవాబు చెప్పడం కంటే కష్టం. ఏడాదికోసారి వచ్చిన మనవడు దూరంగా కూర్చుంటే అమ్మమ్మకు మనసు చివుక్కుమంటుంది. 'సిటీకెళ్లి పెద్ద మాటలు నేర్చావురా' అంటుంది. 'నా మనవడి జలుబు నన్నేం చేస్తుందిరా' అని దగ్గరికి లాక్కుంటుంది. అక్కడ వైరస్ గురించి పాఠం చెబితే పని జరగదు. ముందే, ఊరికి వెళ్లకముందే ఫోన్‌లో చెప్పండి. 'అమ్మమ్మా, నాకు కాస్త జలుబుగా ఉంది. రెండ్రోజులు నీ పక్కన పడుకోను, ఏమనుకోకు. తగ్గగానే నీ మంచం నాదే' అనండి. ముందే తెలిస్తే నొచ్చుకోరు. అమ్మకు చెబితే మిగతా ఏర్పాట్లు అమ్మే చూసుకుంటుంది.

భోగిమంట దగ్గరా ఒక మాట. పాత టైర్లు, ప్లాస్టిక్ వేస్తే వచ్చే పొగ మామూలు వాళ్లకే గొంతు పట్టేస్తుంది. ఆస్తమా ఉన్న బాబాయికి, ఆయాసంతో ఉండే తాతయ్యకు ఆ పొగ అప్పటికప్పుడే ఊపిరాడకుండా చేయగలదు. మంటలో కట్టెలు, పిడకలు చాలు. అవీ కాస్త దూరంలో. ఆ పని యువకులుగా మీరే పూనుకుంటే ఊళ్లో కాదనేవాళ్లు ఉండరు.

మందుల షాపు తెలివి వద్దు

జలుబు రాగానే మందుల షాపులో అజిత్రోమైసిన్ అడిగి కొనుక్కోవడం మనకు మామూలైపోయింది. యాంటీబయాటిక్స్ బ్యాక్టీరియా మీద పనిచేస్తాయి, వైరస్ మీద కాదు. 2023 మార్చిలో దేశమంతా దగ్గు, జ్వరాలు పెరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఇదే విషయాన్ని ప్రత్యేకంగా హెచ్చరించాల్సి వచ్చింది. జలుబు మాత్రల్లో చాలావాటిలో ముందే పారాసిటమాల్ ఉంటుంది. దానితో పాటు డోలో కూడా వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. షీటు వెనక ఏం రాసుందో చదవండి. పిల్లలకు జ్వరం వస్తే ఆస్పిరిన్ అసలు ఇవ్వొద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర 'ఒక్క సూదితో తగ్గిపోతుంది' అంటే, అందులో ఏ మందు ఉందో అడగండి.

పెద్దవాళ్లలో జ్వరం పెద్దగా కనిపించకపోవచ్చు. నీరసం, తిండి మానేయడం, మాట తడబడటమే గుర్తులు కావచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, పెదవులు నీలంగా మారడం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. బిడ్డ పాలు తాగకపోయినా, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా అంతే. 108కి ఫోన్ చేయండి. ఫ్లూకి మందు లేకపోలేదు. ముప్పు ఎక్కువున్నవాళ్లకు డాక్టర్ ఇచ్చే ఓసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే 'రెండ్రోజులు చూద్దాం' అన్న మాట పెద్దవాళ్ల విషయంలో పనికిరాదు.

టీకా సంగతి కూడా మీరే కదపాలి. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, ఎందుకంటే వైరస్ మారుతుంటుంది. రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. వృద్ధులు, గర్భిణులు, సుగర్, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి వేయించుకుంటే మంచిది. ఆరు నెలల్లోపు బిడ్డలకు ఈ టీకా వేయరు కాబట్టి, చుట్టూ ఉన్నవాళ్లు వేయించుకోవడమే వాళ్లకు రక్ష. అది ఊరికే రాదు, డబ్బులవుతాయి. పండక్కి అమ్మమ్మకు కొనాలనుకున్న చీరతో పాటు ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోండి.

ఇంటర్వ్యూ రోజే జ్వరమొస్తే?

పండగ తర్వాత ఇంటర్వ్యూలు మొదలవుతాయి. ముందురోజు జ్వరం వస్తే దాచుకుని వెళ్లకండి. హెచ్‌ఆర్‌కి రాత్రే నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి. 'నాకు ఈ రోజు నుంచి జ్వరం, దగ్గు ఉన్నాయి. మీ సిబ్బందికి, తోటి అభ్యర్థులకు ఇబ్బంది కలగకూడదని ముందే తెలియజేస్తున్నాను. ఆన్‌లైన్‌లో హాజరు కావడానికి సిద్ధం. లేదా ఈ వారంలో మరో తేదీ ఇవ్వగలరు' అని రాయండి. ఇలా ముందే చెప్పడం మీ బాధ్యతను చూపిస్తుంది. అన్ని కంపెనీలూ ఒప్పుకోకపోవచ్చు. కానీ అడగకపోతే అసలు దారే ఉండదు. ప్రభుత్వ నియామక పరీక్షలు ఎలాగూ మీ కోసం ఆగవు. వాటికి వెళ్లక తప్పదు కాబట్టి మాస్కు పెట్టుకుని, నీళ్ల సీసా వెంట తీసుకుని వెళ్లి రాయండి. పరీక్ష అయ్యాక నేరుగా గదికి రండి.

రేపు మీరూ ఒక టీంలో పనిచేస్తారు. ఎల్లుండి ఆ టీంను నడుపుతారు. జ్వరంతో వచ్చిన కుర్రాణ్ని చూసి 'భలే కమిట్‌మెంట్' అంటారా, 'ముందు ఇంటికెళ్లి పడుకో' అంటారా? ఆ జవాబు ఈ సంక్రాంతికి మీ ఇంట్లోనే తయారవుతుంది.

ఈ పేజీ పక్కన పెట్టాక ఇంటికి ఒక ఫోన్ చేయండి. మూడే ప్రశ్నలు. ఇంట్లో ఎవరికి ఆయాసం, సుగర్, గుండెజబ్బు ఉన్నాయి? పండక్కి వచ్చేవాళ్లలో నెలల బిడ్డ, గర్భిణి ఎవరైనా ఉన్నారా? పెద్దవాళ్లు ఫ్లూ టీకా వేయించుకున్నారా? 'ఎందుకురా ఇవన్నీ' అని అమ్మ అడుగుతుంది. చెప్పండి. ఆ మాటల మధ్యలో మీకు దగ్గొస్తే, అదీ చెప్పండి.